నిర్మలాదేవి తొమ్మిదో తరగతి ప్రాజెక్టు

మన దేశంలో వయోజన విద్య మూలన పడిందని బాధపడేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. మూలన పడిందా! అయ్యా, అది ఇంటింటా జరుగుతోంది. డైనింగ్ టేబుళ్ళ మీద, నవారు మంచాల మీద, గ్యాస్ పొయ్యి పక్కన జరుగుతోంది. ప్రభుత్వం పైసా విదల్చకుండా, ఏ మంత్రీ రిబ్బను కత్తిరించకుండా జరుగుతోంది. దాని పేరు వయోజన విద్య అని మనకు తెలియదు, అంతే. స్కూళ్ళవాళ్ళు దాన్ని ‘స్టూడెంట్ రీసెర్చ్ ప్రాజెక్ట్’ అంటారు.

కొందరు పెద్దమనుషులు దీని మీద పత్రికలకు ఉత్తరాలు రాస్తున్నారు. పిల్లల ప్రాజెక్టులు తల్లిదండ్రులు చేస్తున్నారట! పిల్లల బుర్రలోకి ఏమీ ఎక్కడం లేదట! ఎంత ఇరుకు ఆలోచన! పిల్లల బుర్రలోకి ఎక్కకపోతే ఏం, తల్లిదండ్రుల బుర్రలోకి ఎక్కుతోంది కదా? ఇంటికొకరికి చదువొస్తే చాలదా? అందరికీ రావాలంటే ఎలా?

సాక్ష్యాలు కావాలా? సత్తుపల్లి రూటులో కండక్టరు హాతీరాం ఉన్నాడు. కొడుకు ప్రాజెక్టు పుణ్యమా అని ఫ్రెంచి విప్లవానికి కారణాలు టికెట్లు కొడుతూనే చెప్పేస్తాడు. సీటు కోసం ఇద్దరు ప్రయాణికులు కొట్టుకుంటుంటే, “ఫ్రాన్సుల గూడ గిట్లనే మొదలైంది” అంటాడు. వాళ్ళు భయపడి సర్దుకుని కూర్చుంటారు.

దూలయ్య అనే ట్రాక్టరు యజమాని మొదటి ప్రపంచ యుద్ధం ఏ తేదీన మొదలైందో తడుముకోకుండా చెబుతాడు. కూతురు ఏ తరగతి చదువుతోందో మాత్రం కాస్త తడుముకుంటాడు.

కారేపల్లి దగ్గర తండాలో జమ్లి ఉంది. కొడుకు కోసం థర్మోకోలుతో రోము నగరపు కొలోసియం కట్టి, దాని చుట్టూ అద్దాలు కుట్టింది. ఆమె చేతిలోంచి అద్దాలు లేకుండా ఏదీ బయటికి రాదు మరి. రోములో ఉన్న అసలు కొలోసియానికి అద్దాలు లేవని టీచరమ్మ ఒక మార్కు కోసేసింది. అద్దాలు పెట్టాలని రోమనులకు తట్టకపోతే అది జమ్లి తప్పా?

పిల్లల వైపు నుంచి కూడా చూడాలి. వాళ్ళకు తీరికెక్కడిది? పొద్దున ఆరున్నరకు స్కూలు బస్సు. సాయంత్రం ఆరున్నరకు ఇల్లు. ఆదివారం ఐఐటీ ఫౌండేషన్ క్లాసు. తొమ్మిదో తరగతి నుంచే పునాది తవ్వుతున్నారు పాపం. పునాది తవ్వుతున్న మనిషిని పిలిచి, అలాగే చేతులతో ఒక పిరమిడ్ కూడా కట్టెయ్యమంటే బాగుంటుందా?

కాబట్టి ఈ ప్రాజెక్టులు తల్లిదండ్రుల కోసమే పుట్టాయని నా సిద్ధాంతం. దీన్ని నేను గాలిలోంచి తీయలేదు. దమ్మపేటలో నేను కిరాయికి ఉంటున్న పై వాటాలోంచి కిందికి చూసి, కళ్ళారా గమనించి స్థిరపరిచాను. కింది వాటాలో ఇంటి యజమానులు ఉంటారు. చెంచురామయ్య, ఆయన భార్య నిర్మలాదేవి, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు లిఖిత.

చెంచురామయ్యకు పదెకరాల పామాయిల్ తోట ఉంది. వాళ్ళ తాతల నాడు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నిర్మలాదేవి పుట్టిల్లు కారేపల్లి. ఇంటరు మొదటి సంవత్సరంలో చరిత్రలో కాలేజీ ఫస్టు వచ్చింది. రెండో సంవత్సరంలో పెళ్ళి వచ్చింది. ఆ తర్వాత ఆమె చదివినవన్నీ పచ్చడి సీసాల మీది లేబుళ్ళూ, కూతురు ప్రోగ్రెస్ రిపోర్టులూ.

ఆ రిపోర్టుల కోసం స్కూలు మీటింగుకు వెళ్ళే రోజున లిఖిత ఒక షరతు పెట్టేది. “మమ్మీ, నువ్వక్కడ ఏం మాట్లాడొద్దు. సైన్ పెట్టేసి వచ్చెయ్. ప్లీజ్.”

నిర్మలాదేవి మాటలో కారేపల్లి వినిపిస్తుంది. స్కూలు సత్తుపల్లిలో ఉంది, ఇంగ్లీషు మీడియం. మిగిలిన తల్లులు ‘యాక్చువల్లీ’ అని మొదలుపెడతారు. నిర్మలాదేవి ‘అది గాదు సార్’ అని మొదలుపెడుతుంది. కూతురు చెప్పినట్టే నోరు మూసుకుని సంతకం పెట్టి వచ్చేసేది. బస్సులో కూర్చున్నాక మాత్రం, అక్కడ అడగాలనుకున్నవన్నీ తనలో తానే అడుగుకునేది. తన కూతురి ముందు తాను పనికిమాలిన మనిషి కాకూడదు. ఈ లోకంలో ఆవిడ కోరుకున్నది ఆ ఒక్కటే.

అలాంటి ఇంటికి ఒక సోమవారం సాయంత్రం ప్రాజెక్టు వచ్చింది.

‘ప్రపంచ మతాలు, చారిత్రక ఘట్టాలు’ అని శీర్షిక. చీటీలు తీశారట, లిఖితకు యూదు మతం వచ్చింది. ఇరవై పేజీలు రాయాలి. ఒక మోడల్ తయారు చెయ్యాలి. ఆ మతానికి చెందిన ఒక మనిషిని ఇంటర్వ్యూ చేసి, ఫొటోతో సహా జత చెయ్యాలి. ఇంటర్వ్యూకే ఐదు మార్కులు. వచ్చే సోమవారం తల్లిదండ్రుల ముందు, బయటి నుంచి వచ్చే జడ్జి ముందు అప్పజెప్పాలి.

“నాకు ఫిజిక్స్ టెస్టుంది మమ్మీ. జిరాక్స్ సెంటర్లో రెడీమేడ్ దొరుకుద్ది, తెచ్చెయ్” అంది లిఖిత బ్యాగు పడేస్తూ.

“రెడీమేడ్ ఎందుకే? నేను చేస్త. నువ్వు పోయి చదువుకో” అంది నిర్మలాదేవి. చరిత్ర అనే మాట చూసి ఎన్నేళ్ళయిందో! ఆ కాగితాన్ని ఆమె పెళ్ళిపత్రిక చదివినట్టు రెండుసార్లు చదివింది.

ఆ వారం ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకెలా చెప్పను? డైనింగ్ టేబుల్ మీద అన్నం గిన్నెలకు చోటు లేకుండా పోయింది. నిర్మలాదేవి ఫోను తెలుగులో చదివి చెప్పేలా పెట్టుకుని, ఒక పక్క పప్పు తాలింపు వేస్తూ మరో పక్క ఈజిప్టు బానిసత్వం నుంచి యూదు జనాన్ని బయటికి నడిపించింది. చెంచురామయ్య నాలుగు రోజులు వరసగా మాడిన పప్పు తిన్నాడు. చదువు కోసం త్యాగం చెయ్యని తండ్రి ఉంటాడా!

“నలభై ఏండ్లు ఎడారిల తిరిగిన్రటండీ! సొంత భూమి కోసం!” అంది ఆమె మంగళవారం, కళ్ళు పెద్దవి చేసి.

“భూమి పాసుబుక్కు కోసం మా నాన్న కూడా అంతే తిరిగాడు” అన్నాడు చెంచురామయ్య.

“పండగొస్తే వారం దినాలు పులిసిన పిండి ముట్టరట.”

“అయితే దోసెలుండవా! వారమంతా!” ఆయనకు మొదటిసారి ఆ ప్రజల కష్టం మనసుకు తాకింది. “ఇంతకీ ఏ దేశం వాళ్ళే వీళ్ళు?”

“అన్ని దేశాలల్ల ఉన్నరు. ఇప్పుడు సొంతంగ ఇజ్రాయెల్ ఉంది గదా.”

“డ్రిప్పు వాళ్ళా!” చెంచురామయ్య లేచి నిలబడ్డాడు. “ఆ ముక్క ముందే చెప్పొద్దా! నేనింకా ఎవరో అనుకుంటున్నాను. మన తోటలో చుక్కచుక్కగా నీళ్ళిచ్చే పైపులు వాళ్ళ పద్ధతే కదే!” ఆ రోజు నుంచి ఆయన ఈ ప్రాజెక్టును సొంత మనుషుల పనిలా చూడసాగాడు. జెరూసలేం దేవాలయం మోడల్‌కు గోడల కోసం పామాయిల్ మొక్కల నర్సరీ అట్టపెట్టెలు తెచ్చిచ్చాడు. దేవాలయం వెనక గోడ మీద ‘ఎండలో ఉంచరాదు’ అన్న అక్షరాలు చివరి దాకా కనిపిస్తూనే ఉన్నాయి.

శుక్రవారానికి ఇరవై పేజీలూ అయ్యాయి. ఫోను తెలుగులో చెప్పింది తెలుసుకుని, ఇంగ్లీషులోకి మార్పించి, జిరాక్స్ సెంటర్లో ప్రింటు తీయించుకొచ్చింది. ఆమెకు యూదుల పండగలు తన పుట్టింటి పండగల్లా నోటికొచ్చేశాయి. ఇక మిగిలింది ఇంటర్వ్యూ.

మీరు చెప్పండి. దమ్మపేట, సత్తుపల్లి, అశ్వారావుపేట జల్లెడ పట్టినా యూదుడు దొరుకుతాడా? మిగిలిన పిల్లల తల్లిదండ్రులు ఎలా గట్టెక్కారో విచారిస్తే, అబ్బో, మనవాళ్ళ బుర్రలు! జపాను వాళ్ళ షింటో మతం వచ్చిన పిల్లవాడి తండ్రి జపాను బైకుల షోరూముకు పోయి, అక్కడి మేనేజరును ఇంటర్వ్యూ చేశాడు. పార్సీ మతం వచ్చిన అమ్మాయి వాళ్ళు ఇరానీ చాయ్ హోటలుకు వెళ్ళారు. హోటలాయన నమాజుకు పోయే వేళైందని చెబుతున్నా వినకుండా కూర్చోబెట్టి ఫొటో తీశారు. పైగా ఆ జవాబులు కూడా జిరాక్స్ సెంటర్లోనే దొరుకుతాయి. ‘మా మతం శాంతిని బోధిస్తుంది. మీ ప్రాజెక్టుకు నా శుభాకాంక్షలు.’ పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది, నింపుకోవడమే.

శనివారం రాత్రి చెంచురామయ్యకు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది.

“మన బోరు మోటారు వైండింగ్ చేసే షాలేమ్‌రాజు ఉన్నాడు చూడు. వాళ్ళ తాత పేరు ఇజ్రాయేలు! తమ్ముడి పేరు సొలొమోను. కొడుకు యాకోబు. నువ్వు ఆ ఇరవై పేజీల్లో రాసిన పేర్లన్నీ వాళ్ళ రేషన్ కార్డులోనే ఉన్నాయి! ఇంకేం కావాలే?”

నిర్మలాదేవి ఎగిరి గంతేసినంత పని చేసింది. నిజమే కదా! ఎదురుగా పెట్టుకుని ఊరంతా వెతికామే! షాలేమ్‌రాజు సొంతూరు ఇల్లందు. వారమంతా దమ్మపేటలో షాపులో ఉండి, శనివారం సాయంత్రం ఇంటికి పోతాడు. మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్ళాలిద్దరూ బైకు మీద కొత్తగూడెం మీదుగా ఇల్లందు బయలుదేరారు. గుమ్మంలో లిఖిత అడిగింది, “ఎక్కడికి మమ్మీ?” అని.

“నీ ప్రాజెక్టు పని మీదికే. నీకెందుకు, క్లాసుకు టైమైంది, జల్దీ పో” అంది నిర్మలాదేవి చున్నీ తలకు చుట్టుకుంటూ.

చర్చి నుంచి అప్పుడే వచ్చిన షాలేమ్‌రాజు తెల్ల చొక్కాలో వాకిట్లో కూర్చుని ఉన్నాడు. వీళ్ళను చూసి కంగారుగా లేచాడు. “ఏంది సార్, మళ్ళ మోటరు కాలిందా?”

సంగతి విన్నాక నవ్వు ఆపుకోలేకపోయాడు. “అమ్మా, మేం క్రైస్తవులం. పేర్లు బైబిల్ల నుంచి పెట్టుకున్నం. గంతే! యూదులు వేరే, మేం వేరే.”

నిర్మలాదేవి ముఖం మాడిన పప్పులా అయిపోయింది. ఇరవై పేజీలు చదివిన మనిషి, తెలియక కాదు. పేర్లు చూడగానే ఆశ ముందుకు తోసేసింది. ఆ ఇరవై పేజీలు చేసిందెవరు? తాను. ఐదు మార్కులు పోతే ఎవరి వల్ల పోయినట్టు? ‘రెడీమేడ్ తెమ్మంటే విన్నావా మమ్మీ’ అన్న మాట ఆమెకు అప్పుడే వినిపిస్తోంది.

చెంచురామయ్య అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. “అది కాదు రాజూ, యూదుల్లా నెత్తి మీద చిన్న టోపీ పెట్టుకుని ఒక్క ఫొటో దిగు. ఎవడికి తెలుస్తుంది?”

“సార్, వైండింగుల రాగి తీగ బదులు అల్యూమినియం చుట్టి రాగి అని చెప్పమంటే నేను చెప్తనా? గిదీ గంతే” అన్నాడు షాలేమ్‌రాజు. మర్యాదగానే అన్నాడు. చెంచురామయ్య టోపీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న ముసలావిడ అప్పటి దాకా వింటూ ఉంది. షాలేమ్‌రాజు తల్లి ఇన్నమ్మ. ఎనభై దాటిన మనిషి.

“ఏంది బిడ్డా, పేర్ల ముచ్చటనా? గా పేరు ఎట్లొచ్చిందో నన్నడుగు. నేను చెప్త.”

నిర్మలాదేవి ఆమె పక్కన కూర్చుంది. ఊరికే కూర్చోవడం చేతకాక తానూ చింతపండు అందుకుంది.

“మా మామ పేరు ఎల్లయ్య. పేరుకే ఎల్లయ్య. ఊర్లె పసిపోరడు గూడ ‘ఒరే ఎల్లిగా’ అనెటోడు. సచ్చే దాక గంతే అనుకున్నడు. మిషన్ పాస్టరు వచ్చి వాగుల బాప్తిస్మం ఇచ్చి, ఇజ్రాయేలు అని పేరు పెట్టిండు. పెడితే మాత్రం ఊరు పిలుస్తదా? మళ్ళ ఎల్లిగాడే! గప్పుడే బొగ్గుబాయిల పని దొరికింది. పొద్దుగాల గుమాస్తా హాజరు పుస్తకం, గదే మస్టర్, తెరిచి పేర్లు సదివెటోడు. మొదటి దినం ‘ఇజ్రాయేలు’ అని నిండుగ పిలిచిండట. మా మామ పలకలే. తననే అని తెల్వలే బిడ్డా! మూడోసారి పిలిచినంక, పక్కోడు పొడిస్తే, ‘ఉన్న దొరా’ అన్నడట.”

ఇన్నమ్మ చేతులు ఆగాయి.

“గా దినం నుంచి ఇరవై ఎనిమిదేండ్లు ఒక్క నాగా పెట్టలే. జరమొచ్చినా పోయిండు. కొడుకు పెండ్లినాడు గూడ పొద్దుగాల పోయి మస్టర్ పడ్డంక వచ్చిండు. పని మీద ప్రేమతోని గాదు. బాయి లోపల ఏముంటది, చీకటి, చెమట. గా పేరు ఒక్కసారి చెవుల పడాలె, గందుకు పోయిండు.”

నిర్మలాదేవి ఏడ్చేసింది. దాపరికం లేకుండా, చింతపండు చేతులతోనే కళ్ళు తుడుచుకుని, ఆ పులుపుకు ఇంకాస్త ఏడ్చింది. ఇన్నమ్మ నవ్వి చెంబుతో నీళ్ళిచ్చింది. సాయంత్రం వచ్చే ముందు నిర్మలాదేవి ఆమెతో కలిసి ఫొటో దిగింది. ఇంటికొచ్చి టేబుల్ దగ్గర కూర్చుని, ఆ ముసలామె చెప్పింది చెప్పినట్టు తెలుగులో, తన చేతిరాతతో నాలుగు పేజీలు రాసింది. పైన ‘యూదులు మాకు దొరకలేదు. వారి పేర్లు ఇల్లందు దాకా ఎలా వచ్చాయో చెప్పిన మనిషి దొరికింది’ అని ఒక ముక్క పెట్టి జత చేసింది. లిఖిత పేజీలు లెక్కపెట్టి, స్పైరల్ బైండింగ్ బాగుందని బ్యాగులో పెట్టుకుంది.

సోమవారం స్కూలు హాలు చూడాలి! ముప్పై రెండు మంది పిల్లలు, ముప్పై రెండు బల్లలు. వాటి వెనక, ఇంటర్వ్యూకు పోయే నిరుద్యోగుల్లా పెదవులు కదుపుతూ తల్లిదండ్రులు. ఎలక్ట్రీషియన్ తండ్రి ఉన్న పిల్లవాడి పిరమిడ్ రంగురంగుల లైట్లతో వెలుగుతోంది. ఈజిప్టు వాళ్ళు చూస్తే సిగ్గుపడేవాళ్ళు.

జడ్జిగా ఉదయ్ భాస్కర్ గారు వచ్చారు. ఖమ్మంలో చరిత్ర లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన బల్లకో బల్ల దాటుతూ ‘మా మతం శాంతిని బోధిస్తుంది, మీ ప్రాజెక్టుకు నా శుభాకాంక్షలు’ అన్నదాన్ని పందొమ్మిదిసార్లు చదివారు. ప్రపంచ మతాల మధ్య ఇంత ఏకాభిప్రాయం ఆయన సర్వీసులో చూసి ఉండరు! ఇరవయ్యోది లిఖితది. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ చేతిరాత దగ్గర ఆగిపోయారు. నిలబడే నాలుగు పేజీలూ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళారు.

“అమ్మా లిఖితా, ఇంటర్వ్యూ చాలా బాగుంది. ఆ గుమాస్తా మొదటిసారి పిలిచినప్పుడు ఇజ్రాయేలు ఎందుకు పలకలేదు?”

లిఖిత గుడ్లప్పగించి చూసింది. పండగల పేర్లు బట్టీ పట్టింది. తేదీలు బట్టీ పట్టింది. ఇజ్రాయేలు ఒక దేశమని మాత్రమే ఆమెకు తెలుసు. దేశం ఎందుకు పలకలేదో ఎలా చెబుతుంది పాపం? పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరిగి తల్లి వైపు చూసింది.

‘ఏం మాట్లాడొద్దు’ అన్న షరతు నిర్మలాదేవికి గుర్తుంది. కానీ కూతురు ఏడుస్తోంది. లేచి నిలబడింది.

“అది గాదు సార్…” అని మొదలుపెట్టింది.

మొదటి రెండు మాటలకే వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మూడో మాటకు నవ్వు లేదు. ఎల్లయ్యను చెప్పింది. వాగును చెప్పింది. కొడుకు పెళ్ళి నాడు మస్టరుకు పోయిన సంగతి చెప్పింది. అంతా కారేపల్లి మాటలోనే చెప్పింది. చెబుతున్నంత సేపూ పిరమిడ్ లైట్లు వాటి మానాన అవి వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి, ఒక్కరూ అటు చూడలేదు. చెంచురామయ్య మాత్రం పక్కవాళ్ళకు, “మా ఆవిడే” అని అడగకపోయినా చెబుతున్నాడు.

ప్రిన్సిపాల్ గారు ఇబ్బందిగా కదిలారు. “సార్, టాపిక్ ప్రపంచ మతాలండీ. ఇది ఇల్లందు…”

“ఇల్లందు ప్రపంచంలో లేదా?” అన్నారు ఉదయ్ భాస్కర్ గారు.

ఇలాంటి ప్రశ్నలకు రూల్స్‌లో జవాబుండదు. రూల్స్ ప్రకారమే ఫలితాలు వచ్చాయి. లైట్ల పిరమిడ్‌కు మొదటి బహుమతి. లిఖితకు ఇరవైకి పద్నాలుగు. యూదుడు లేని ఇంటర్వ్యూకు ఐదు, ఇంగ్లీషు మీడియం స్కూల్లో తెలుగు చేతిరాతకు ఒకటి, మొత్తం ఆరు కోశారు.

అయితేనేం! నా సిద్ధాంతం గెలిచిందా లేదా? ఒక ఇల్లాలు వారం రోజుల్లో రెండు మతాల చరిత్ర, ఒక బొగ్గుబావి చరిత్ర నేర్చుకుంది. హాలు నిండా జనం ముందు నోరు విప్పి మాట్లాడింది. ప్రాజెక్టు వర్క్ లేకపోతే ఇదంతా జరిగేదా? ఈ వ్యాసాన్ని ఇక్కడితో ముగించి, విద్యాశాఖకు నా అభినందనలు పంపుదామనే అనుకున్నాను. ముగించి ఉంటే బాగుండేది.

ఎందుకంటే తిరుగు ప్రయాణంలో, బస్సులో, నిర్మలాదేవి కూతురు తిట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆరు మార్కులు పోయాయి. షరతు తప్పింది. నవ్వులపాలు చేసింది. లిఖిత కిటికీలోంచి పామాయిల్ తోటలు చూసి చూసి, తల్లి వైపు తిరిగింది.

“మమ్మీ, ఆ అవ్వ దగ్గరికి నన్నెందుకు తీసుకుపోలేదు?”

“నీకు క్లాసుండె గదే.”

“నన్ను అడిగావా?”

నిర్మలాదేవి చేతిలోని టికెట్టును మడిచి, మళ్ళీ విప్పింది.

“ఆయన పలకలేదంట, మూడుసార్లు పిలిచే దాకా. అది నువ్వు చెప్తుంటే అందరితో పాటు నేనూ ఫస్ట్ టైమ్ విన్నా. నా ప్రాజెక్టులో ఉంది, నేను ఫస్ట్ టైమ్ విన్నా.” పిల్ల కళ్ళు తుడుచుకుంది. “నువ్వు మాట్లాడినందుకు కాదు మమ్మీ. సార్ అడిగినప్పుడు నాకు సిగ్గేసింది.”

వెనక సీట్లో కూర్చుని విన్న ఈ సంభాషణను చెంచురామయ్య నాకు చెప్పినప్పుడు, నా సిద్ధాంతానికి ఎక్కడో సన్నగా పగులు వచ్చిన చప్పుడు వినిపించింది. ఒక్కసారి మీరే లెక్క చూడండి. నిర్మలాదేవి ఇన్నమ్మను అడిగింది. జడ్జి నిర్మలాదేవిని విన్నారు. ప్రిన్సిపాల్ జడ్జిని అడిగారు. ఇందరు ఇందరిని అడిగిన ఆ ప్రాజెక్టులో, నీకేం తెలుసుకోవాలని ఉందమ్మా అని ఎవరూ అడగని మనిషి ఒకే ఒకతె ఉంది. అట్ట మీద ఉన్న పేరు ఆమెదే. జిరాక్స్ సెంటరు వాడిని ఆడిపోసుకుంటాం గానీ, వాడు పిల్లల దగ్గర్నుంచి మార్కుల పని మాత్రమే లాక్కుంటాడు. చింతపండు గింజలు తీస్తూ ఒక ముసలామె కథ వినే ఆదివారాన్ని లాక్కోవాలంటే ప్రేమగల తల్లి కావాలి!

ఆ తర్వాతి ఆదివారం పొద్దున నేను మేడ మీద నుంచి చూస్తుండగా, నిర్మలాదేవీ లిఖితా ఇల్లందు పోవడానికి కొత్తగూడెం బస్సెక్కారు. ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్ళకు డబ్బులు లేకుండా ఇచ్చే జీరో టికెట్లు తీసుకున్నారట. లిఖిత చేతిలో తెల్ల కాగితాల నోటు పుస్తకం ఉంది. ప్రశ్నలు తానే రాసుకుంది, తల్లికి చూపించలేదట.

బస్సు ఊరు దాటిందో లేదో స్కూలు నుంచి నిర్మలాదేవికి ఫోను వచ్చింది.

“మేడమ్, మీ అమ్మాయి ఫౌండేషన్ క్లాసుకు ఆబ్సెంట్. రీజన్ చెప్పండి.”

“ప్రాజెక్టు పని మీద పోతున్నం సార్.”

“ప్రాజెక్టా? అది పోయిన సోమవారమే సబ్మిట్ చేశారు కదా మేడమ్!”

“అది నాది సార్” అంది నిర్మలాదేవి. “ఇది మా అమ్మాయిది.”